జీను కింద మెత్త

జీను దింపుతుంటే గచ్చకాయ మెడ తిప్పి శాలక్క భుజాన్ని కొరకబోయింది. ఆమె మోచేత్తో దాని మూతిని అవతలికి నెట్టి, జీనును కొయ్య మీద వేసి, కింద ఉన్న మెత్తను రెండు చేతులా పైకెత్తింది. ఎత్తి, అలాగే ఆగిపోయింది.

గచ్చకాయ బూడిదరంగు ఆడగుర్రం. గంటసేపు పరిగెత్తి వచ్చింది కాబట్టి మెత్త కింద వీపంతా చెమటకు తడిసి నల్లబడి ఉంది, రెండు చోట్ల తప్ప. మెడ అయిపోయి వీపు మొదలయ్యే మూపు దగ్గర, అటూ ఇటూ, అరచెయ్యంత మేర పొడిగా ఉంది. ఎడమవైపు పొడిచోటు మధ్యలో కోడిగుడ్డంత ఉబ్బు లేచింది. వెంట్రుక రాలి చర్మం ఎర్రగా తేలింది. శాలక్క మెత్తను కొయ్య మీద వేసి వేలికొస ఆనించగానే గుర్రం ఒళ్ళు జలదరించి, వెనక గిట్టతో నేలను తన్నింది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా," అని పిలిచింది శాలక్క. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ గుర్రపుశాలలో పన్నెండు గుర్రాల మేతా, స్నానం, జీనూ ఆమె చేతి మీదుగానే నడుస్తున్నాయి. అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఓనరు దగ్గర్నుంచి గడ్డి దించే లారీ డ్రైవరు దాకా అందరికీ ఆమె శాలక్కే.

పిలిచింది స్వారీ నేర్పే టీచరుని. ఆవిడ వచ్చి మూడు నెలలయింది. ముప్పై దాటని మనిషి, తక్కువ మాటలు, ఎప్పుడూ ఏదో కొలుస్తున్నట్టు చూసే కళ్ళు. ఇప్పటిదాకా గచ్చకాయను ఎక్కింది ఆవిడే. కంచె దగ్గర టోపీ తీసి, పిల్లలకు పగ్గం పట్టుకోవడం చూపిస్తోంది. పిల్లల తల్లిదండ్రులు నలుగురైదుగురు కంచెకు ఆనుకుని నిలబడి ఉన్నారు. శాలక్క వాళ్ళను చూసింది. చూసే పిలిచింది.

"ఇదేంటో చెప్పు."

టీచరు వంగి చూసింది. ముట్టుకోలేదు. "ఒత్తిడి పుండు," అంది.

"అది నాకూ తెలుసు. ఎందుకొచ్చిందో చెప్పమంటున్నా. ముందుకు వాలి కూర్చుంటే బరువంతా ఎక్కడ పడుతుంది?"

"నేను ముందుకు వాలనండీ."

"నువ్వు వాలక, గుర్రమే వెనక్కి వాలిందా?"

ఎవరో నవ్వారు. టీచరు కొయ్య మీది మెత్తను తీసుకుని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నొక్కింది. "ఇది చాలా మందం. వచ్చిన వారంలోనే మీకు చెప్పాను. ఈ జీనుకి ఇంత మందం అక్కర్లేదని."

శాలక్క ఆ మెత్తను ఆవిడ చేతిలోంచి లాక్కుంది. అది ఆమె కుట్టింది. ఒంటికి తగిలే వైపు ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ, మధ్యలో రెండు వరసల ఉన్ని, పైన స్పాంజి, అంచుల చుట్టూ దగ్గర దగ్గరగా గొలుసుకుట్టు. సబ్బు వాసన మిగలకుండా నాలుగు నీళ్ళలో జాడించి నీడన ఆరేస్తుంది. వేసే ముందు ప్రతిసారీ తన చెంపకు రాసుకుని చూస్తుంది, గడ్డిపరక కూడా గుచ్చుకోకూడదని. "నువ్వు పడుకునే పరుపు కూడా ఇంత మెత్తగా ఉండదమ్మా," అంది. "గుర్రం మీద ప్రేమ ఉన్నవాళ్ళు కుట్టేది ఇలాగే ఉంటుంది. కూర్చోవడం రానివాళ్ళకి మెత్తల మీద నెపం పెట్టడం తేలికే."

కంచె అవతల డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. వాళ్ళ అమ్మాయి ఈ టీచరు దగ్గరే నేర్చుకుంటోంది. "గుర్రానికే ఇలా చేసే మనిషి రేపు మా పిల్లని ఏం చేస్తుంది?" అని పక్కావిడతో అంది. పక్కావిడతోనే అన్నా అందరికీ వినిపించింది.

టీచరు మొహం మీద ఎరుపు మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకింది. ఆవిడ పిల్లల వైపు ఒకసారి చూసింది. టోపీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

శాలక్క ఉప్పునీళ్ళు కాచి, చల్లార్చి, గుడ్డ ముంచి పుండు చుట్టూ ఒత్తింది. తర్వాత నేరుగా ఆఫీసు గదికి వెళ్ళి ఓనరుతో చెప్పింది: "ఆవిడ ఎక్కే గుర్రానికి నేను జీను వెయ్యను బాబూ. నీ ఇష్టం."

తన తండ్రి నుంచి శాలతోపాటు శాలక్కను కూడా తీసుకున్న మనిషి ఓనరు. పదమూడేళ్ళప్పుడు ఆమె చేతుల మీదుగానే మొదటిసారి గుర్రం ఎక్కాడు. "సరే అక్కా," అన్నాడు. "తేలేదాకా ఆవిణ్ణి ఎక్కొద్దంటాను."

మర్నాటికి డాక్టరమ్మ మాట ఊరు చుట్టి వచ్చింది. నలుగురు తల్లులు తమ పిల్లల్ని ఇంకొకరు నేర్పే సాయంత్రం క్లాసులోకి మార్పించుకున్నారు. టీచరుకి కంచె బయట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అక్కణ్ణుంచి నోటితో చెప్పొచ్చు గాని లోపలికి అడుగు పెట్టకూడదు. గిట్టలు కోసే ఆయన ఆవిడ ముందునుంచి టీ పళ్ళెం తీసుకెళ్ళి అందరికీ ఇచ్చాడు, ఆవిడ దగ్గర ఆగలేదు. క్లాసుల వేళలు రాసే నల్లబల్ల మీద ఎవరో సుద్దముక్కతో బొమ్మ గీశారు. గుర్రం మెడను కావలించుకుని వేలాడుతున్న ఆడమనిషి, నోట్లోంచి నాలుక బయటికి.

పొద్దున్నే ఆ బొమ్మను మొదట చూసింది శాలక్కే. తుడిచే గుడ్డ పక్కనే మేకుకు వేలాడుతోంది. ఆమె చేతుల్లో దాణా బకెట్లున్నాయి. దించి తుడవొచ్చు. దించలేదు.

పది దాటాక టీచరు వచ్చి, బల్ల ముందు కాసేపు నిలబడి, చొక్కా చేతిమడతతో తుడిచేసింది. సుద్ద మోచేతి దాకా అంటుకుంది. దులుపుకోకుండానే ఓనరు గదిలోకి వెళ్ళింది. "జీనులు చేసినాయన్ని పిలిపించండి. ఆయన నాదే తప్పంటే రేపే వెళ్ళిపోతాను," అంది. తలుపు తెరిచే ఉంది.

శాలక్క గుమ్మంలోకి వచ్చింది. "ఆ మనిషి ఈ గేటు లోపల అడుగు పెడితే నేనుండను."

జీనుల మనిషి ఆమెకు మరిది. మొగుడు చనిపోయిన ఏడాది పనిముట్ల పంపకంలో పడ్డ మాటల తర్వాత, ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. శాలకు జీను కావాలంటే ఓనరే కారులో వెళ్ళి తెచ్చుకుంటాడు.

"అక్కా, ఒక్క గంట," అన్నాడు ఓనరు బతిమాలుతున్నట్టు. "చూసి పోతాడు. నువ్వు మాట్లాడక్కర్లేదు."

"నేనెందుకు మాట్లాడతాను?" అంది శాలక్క.

బుధవారం పొద్దున్న మరిది వచ్చాడు. అన్నకున్న పొడుగే, సగం ఒళ్ళు. కళ్ళద్దాలకు వెనక దారం కట్టి ఉంది. తోలుసంచి కింద పెట్టి, గచ్చకాయ ముందు నిలబడి, తన అరచేతి వాసన చూడనిచ్చాడు. శాలక్క రెండు గజాల దూరంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఓనరు మధ్యలో ఉన్నాడు. టీచరు కుర్చీలోంచి లేచి కంచె దగ్గరికి వచ్చింది, దాటలేదు.

"ఏమ్మా గచ్చకాయా," అన్నాడు మరిది గుర్రంతో, "ఈ జీను నీ కొలతకి చేసినప్పుడు నీ ఒళ్ళు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. చిక్కలేదు, లావెక్కలేదు. మీ పెద్దావిడ మేత బాగానే పెడుతోంది."

"ఇక్కడ మేత గురించి ఎవరూ అడగలేదని చెప్పు బాబూ," అంది శాలక్క ఓనరుతో.

మరిది సంచిలోంచి మెత్తటి సీసపు కడ్డీ తీశాడు. మూరెడుంటుంది, ఎటు వంచితే అటు వంగి, వదిలినా అలాగే ఉంటుంది. పుండుకు తగలకుండా కాస్త వెనగ్గా, మూపు మీదుగా అటునుంచి ఇటు వేసి, రెండు వేళ్ళతో మెల్లగా అదిమాడు. కడ్డీ గుర్రం వీపు ఆకారాన్ని పట్టుకుంది. దాన్ని కదలకుండా ఎత్తి అట్టముక్క మీద పెట్టి, పెన్సిలుతో గీత గీసి, కత్తెరతో గీతవెంట కోశాడు. ఇప్పుడు గుర్రం మూపు అతని చేతిలో అట్టై ఉంది.

జీనును బోర్లా తిప్పి, ముందు కమాను కిందికి ఆ అట్టను జరిపాడు. పక్కలకు గట్టిగా ఆనలేదు, వదులుగానూ లేదు. చిటికెనవేలు పట్టేంత సందు చుట్టూ సమానంగా ఉంది.

"పలచటి నూలుమెత్తకి ఈ సందు చాలు," అన్నాడు. "ఇప్పుడా రెండోది ఇవ్వండి."

ఓనరు శాలక్క కుట్టిన మెత్తను అందించాడు. మరిది దాన్ని అట్ట మీద కప్పి, అట్టతోపాటు కమాను కిందికి తోశాడు. సగం కూడా వెళ్ళలేదు. బలంగా నెట్టాడు. అట్ట రెండు పక్కలా మడత పడింది, సరిగ్గా గుర్రం వీపు మీద పొడిచోట్లు ఉన్న దగ్గరే.

"గచ్చకాయా, చెప్పు బిగువైందనుకో," అన్నాడు, ఇంకా గుర్రం వైపే చూస్తూ. "లోపల రెండు జతల మేజోళ్ళు తొడుక్కుంటే వదులవుతుందా? పాపం, మెత్తగానే ఉంటాయి మేజోళ్ళు. కాలు మాత్రం పుండవుతుంది. మరీ నొక్కిన చోట చెమట కూడా పట్టదు. అందుకే పొడి."

"తను చేసిన జీను తప్పని ఎవరైనా ఒప్పుకుంటారా బాబూ?" అంది శాలక్క. "ఇంటి మీద కోపం నా కుట్టు మీద తీర్చుకుంటున్నాడు. ఇన్నేళ్ళకి దొరికింది సందు."

మరిది అట్టముక్కను సాపు చేసి కొయ్య మీద పెట్టాడు. సంచి సర్దుకుని భుజానికి తగిలించుకున్నాడు. కళ్ళద్దాల దారం సవరించుకుంటూ అన్నాడు: "నా మాట నమ్మొద్దని చెప్పమ్మా గచ్చకాయా. శాలలో ఇంకా పదకొండు గుర్రాలున్నాయి. వాటికి ఎవరి మీదా కోపం ఉండదు. చూసుకోమను."

అతను గేటు దాటాక ఓనరు తల గోక్కుని, "శనివారం ఆలోచిద్దాం," అన్నాడు. టీచరు శాలక్క మొహంలోకి చూసిన చూపుకంటే ఏదైనా అనడమే నయం.

గురువారం మధ్యాహ్నం గుర్రాలకు విశ్రాంతి వేళ. మనుషులంతా షెడ్డు వెనక నీడలో కునుకు తీస్తున్నారు. శాలక్క ఒక బకెట్ నీళ్ళూ స్పాంజీ తీసుకుని వరసలో మొదటి కొట్టంలోకి వెళ్ళింది. మరిది మాట తప్పని తేల్చడానికే వెళ్ళింది. శనివారం ఓనరు ముందు ఒక్కో గుర్రాన్నీ నిలబెట్టి, ఇదిగో ఇదీ, ఇదిగో ఇదీ, అని చూపించాలని అనుకుంది.

మొదటి అయిదు కొట్టాల్లోవి బయటివాళ్ళ గుర్రాలు. వాళ్ళ జీనులు వాళ్ళవే, మెత్తలు వాళ్ళవే. పలచటి, ముడతలు పడే, ఆమెకు చూస్తేనే చిరాకేసే మెత్తలు. మూపు మీద నీళ్ళు పోసి వెంట్రుకను వేళ్ళతో పాయలు తీసింది. నలుపు నల్లగానే ఉంది, ఎరుపు ఎర్రగానే. అయిదింటికీ మచ్చ లేదు.

ఆరోది బండరాయి, శాల సొంతది. దుక్కలాంటి గోధుమరంగు గుర్రం. నీళ్ళు పోసింది. మూపుకు ఎడమవైపు, గోధుమరంగులో పది పదిహేను తెల్లవెంట్రుకలు. కుడివైపు చూసింది. అక్కడా ఉన్నాయి. ఒత్తిడికి చర్మం చచ్చిన చోట మళ్ళీ మొలిచే వెంట్రుక తెల్లగా మొలుస్తుంది. అది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తనే ఎందరికో చెప్పింది.

ఏడో కొట్టం. ఎనిమిదో కొట్టం. ప్రతిదానిలోనూ అదే ఎత్తున, అదే దూరంలో, అటొకటి ఇటొకటి. ఒకదానికి రూపాయిబిళ్ళంత, ఒకదానికి చింతగింజంత. తొమ్మిదోదానికి చెయ్యి పెట్టబోతుండగానే అది చెవులు వెనక్కి వేసి గోడకు జరిగింది. ఆమె ఎప్పుడూ దాన్ని పొగరుబోతనే అనేది.

పదో కొట్టంలో తాత. ఇరవై నాలుగేళ్ళ నల్లగుర్రం, ఇప్పుడు చిన్నపిల్లల్ని మాత్రం మోస్తుంది. వాడి మూపుకు రెండువైపులా నీళ్ళు కూడా అక్కర్లేకుండా కనిపించే తెల్లకుచ్చులు. పిల్లలు అడిగితే శాలక్క నవ్వుతూ, వాడికి వయసొచ్చింది, మీ తాతగారికి తల నెరవలేదా, అనేది. తల నెరవని గుర్రానికి మూపొక్కటే ఎందుకు నెరిసిందని ఏ పిల్లా అడగలేదు. ఆమె కూడా అడగలేదు. ఈ కుచ్చులు మొదట కనిపించిన ఏడాది తాతను ఎక్కింది ఒక పొడుగాటి రౌతు. అతని కూర్చోవడం మంచిది కాదని అప్పటి పెద్దాయనకు, ఓనరు తండ్రికి, ఆమే చెప్పింది. వారం తిరక్కుండా అతను పెట్టె సర్దుకున్నాడు. బండరాయికి వచ్చినప్పుడు ఇంకొకడు. రౌతులు మారారు. మచ్చలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

పదకొండోది పిట్ట. సన్నటి ఆడగుర్రం. దీని వీపు ఎంత తిరగేసి మరగేసి చూసినా శుభ్రంగా ఉంది. శాలక్కకు ఒక్క క్షణం ఊపిరి వచ్చింది. మందం మెత్త పిట్టకూ వేస్తుంది, మరి? పరిగెత్తినట్టు వెళ్ళి పిట్ట జీను తెచ్చి మూపు మీద పెట్టి, కమాను కింద చెయ్యి దూర్చింది. చెయ్యి మణికట్టు దాకా వెళ్ళి అక్కడ ఆడింది. ఎవరో లావుపాటి గుర్రానికి చేసిన పాత జీను అది. పిట్టకు వదులు. ఆ వదులు పూడ్చడానికే పధ్నాలుగేళ్ళ కిందట ఆమె మొదటి మందం మెత్త కుట్టింది. పిట్ట వీపు వారంలో బాగుపడింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పుతోనే మిగతా ఆరూ కుట్టింది. ఏ జీను కింద ఎంత సందుందో చెయ్యి పెట్టి చూడకుండా, ఒకే కొలతకి, ఒకే ప్రేమతో.

కొట్టాల వరస చివర పన్నెండోది గచ్చకాయ. దాని బూడిదరంగులో తెల్లవెంట్రుక ఉన్నా కనిపించదు. అది పుండుతో చెప్పుకోవాల్సి వచ్చింది.

శాలక్క జీనుల గదిలో నేలమీద కూర్చుని, గచ్చకాయ మెత్తను ఒళ్ళో వేసుకుని, గోరుతో కుట్టు విప్పింది. అంత దగ్గరి కుట్టు విప్పడానికి చాలాసేపు పట్టింది. లోపల స్పాంజి రెండుచోట్ల అణిగి అణిగి, అప్పడంలా పలచబడి, చెప్పు అడుగంత గట్టిగా తయారైంది. పైనుంచి చెంపకు రాసుకుంటే ఇది తెలియదు. ఆమె బొటనవేలితో దాన్ని నొక్కి చూసింది. మళ్ళీ నొక్కింది. బయట ఎవరో లేచి బకెట్ చప్పుడు చేసేదాకా అలాగే నొక్కుతూ కూర్చుంది.

శుక్రవారం పొద్దున్న ఓనరు రాగానే ఆఫీసులోకి వెళ్ళి తలుపు వేసింది. నిలబడే చెప్పింది. ఏ గుర్రానికి ఎక్కడ ఎంత మచ్చ ఉందో వరసగా చెప్పింది. తాతను ఎక్కిన రౌతు సంగతి కూడా చెప్పింది.

ఓనరు కిటికీలోంచి బయటి గుర్రాల కొట్టాల వైపు చూశాడు. "ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్పకు. మెత్తలు మార్చెయ్, పుండు మానుతుంది, అయిపోయింది. ఆవిడ ఎలాగూ వెళ్తానని కాగితం ఇచ్చింది, సోమవారంతో ఆఖరు. బయటి గుర్రాలవాళ్ళకి ఇది తెలిస్తే ఒక్కటీ ఇక్కడ ఉంచరు. నీ పేరు మీదే కదక్కా వాళ్ళు నమ్మి పెట్టింది." కాస్త ఆగి, "ఇరవై రెండేళ్ళ పేరు," అన్నాడు.

ఆ మాట వినగానే శాలక్క ప్రాణం తేలికపడింది. గుమ్మం దాటి ఎండలోకి వచ్చాక కూడా ఆ తేలిక అలాగే ఉంది. నాలుగడుగులు నడిచేసరికి అదే ఆమెకు రోతగా అనిపించింది.

సామాను గదిలో టీచరు తన అల్మరా ఖాళీ చేస్తోంది. బూట్లు గుడ్డలో చుట్టి సంచిలో పెడుతోంది. శాలక్కను చూసి చెయ్యి ఆపలేదు.

"మీతో ఒక మాట," అంది శాలక్క. ఇన్నాళ్ళూ 'నువ్వు' అన్న నోటికి ఆ 'మీరు' అడ్డం పడింది. "తప్పు మెత్తదే. నాదే. మీరు ముందే చెప్పారు, నేను వినలేదు."

టీచరు రెండో బూటు చుట్టింది. "ఇది నాకెందుకు చెప్తున్నారు?"

"చెప్పాలి కదా."

"నాకు ముందే తెలుసు. మూణ్ణెల్ల కిందటే తెలుసు." ఆవిడ సంచి జిప్పు లాగింది. సగంలో పట్టేస్తే మళ్ళీ వెనక్కి తీసి లాగింది. "పదిమందిలో తిట్టి, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి ఒప్పుకుంటే మీకు నిద్ర పడుతుంది. నాకేం పడుతుంది? మా అమ్మ ఫోన్ చేసి అడిగింది, గుర్రానికి ఏం చేశావే అని. అంత దూరం వెళ్ళింది మీ మాట. తెలియనివాళ్ళకి చెప్పండి, చెప్పాలనుంటే. లేకపోతే దారి వదలండి."

శాలక్క దారి వదిలింది.

శనివారం పొద్దున్న క్లాసుకు ముందు తల్లిదండ్రులందరూ కంచె దగ్గర చేరారు. డాక్టరమ్మ మొదటే వచ్చింది. గిట్టలాయన, గడ్డి లారీ మనిషి, ఓనరు, అంతా ఉన్నారు. టీచరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. శాలక్క ముందు తాతను, తర్వాత బండరాయిని బయటికి తీసుకొచ్చి కంచెకు కట్టింది. విప్పిన మెత్తను కంచె మీద వేసింది. ఓనరు ఆమె వైపు రెండడుగులు వేసి, "అక్కా, వద్దు," అన్నాడు మెల్లగా. ఆమె విననట్టే బకెట్‌లో స్పాంజి ముంచింది.

"ఇటు చూడండి," అంది. బండరాయి మూపు తడిపి వెంట్రుక పాయ తీసి చూపించింది. తాతవి తడపక్కర్లేదు. "సోమవారం ఇక్కడే నిలబడి టీచరుగారి వల్ల గచ్చకాయకి పుండయిందని అన్నాను. అబద్ధం. ఈ మెత్త వల్ల అయింది. ఇది నేను కుట్టాను. దీన్ని ఏ జీను కింద వెయ్యాలో, దేని కింద వెయ్యకూడదో నేను చూడలేదు. ఈ మచ్చలన్నీ నావి. ఆవిడ వచ్చిన వారంలోనే చెప్పారు. నేను విని ఉంటే ఆ పుండు లేదు."

గాలికి కంచె మీది మెత్త అంచు లేచి పడింది. గిట్టలాయన నేల చూపులు చూశాడు.

"అంటే ఇన్నేళ్ళూ మేము ఎవర్ని నమ్మి పిల్లల్ని పంపించినట్టు?" అంది డాక్టరమ్మ.

"నన్ను."

"బాగుంది. మీ మాట పట్టుకునే నేను పదిమందికి చెప్పాను. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మీరు చెప్పినవాళ్ళకి మళ్ళీ చెప్పండమ్మా. నా పేరే చెప్పండి."

డాక్టరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఈడ్చినట్టు కారు వైపు నడిచింది. ఇంకిద్దరు ఆవిడ వెనకే వెళ్ళారు. బయటి గుర్రాల సొంతదారు ఒకాయన తన గుర్రం కొట్టం వైపు వేగంగా వెళ్ళాడు, చూసుకోవడానికి. ఓనరు మొహం పాలిపోయింది. "నేను చెప్పింది నీకు అర్థం కాలేదా?" అన్నాడు. 'అక్కా' అనలేదు. ఆఫీసులోకి వెళ్ళి తలుపు గట్టిగా వేసుకున్నాడు. మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. వచ్చాక, టీచరు వెళ్ళకపోతే జీనుల గది తాళం ఇకనుంచి ఆవిడ దగ్గరే ఉంటుందని గిట్టలాయనతో చెప్పించాడు. శాలక్క మేతా, కొట్టాలూ మాత్రం చూసుకుంటే చాలట. ఆ సాయంత్రం టీ పళ్ళెం శాలక్క దగ్గరా ఆగలేదు.

టీచరు ఆ రోజు ఆమెతో మాట్లాడలేదు. ఆదివారం శాలకు రాలేదు.

సోమవారం ఆరు దాటాక శాలక్క బండరాయి కొట్టం ఊడుస్తుంటే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. టీచరు ఒక చేత్తో జీను, రెండో చేత్తో పలచటి నూలుమెత్త పట్టుకుని నిలబడి ఉంది.

"కాగితం వెనక్కి తీసుకున్నాను," అంది. "మీ కోసం కాదు. ఏడు గుర్రాలకీ కొలతలు తియ్యాలి. మీ మరిదిగారు పదింటికి వస్తారు. ఏ గుర్రం ఎక్కడ ముట్టుకుంటే తంతుందో మీకే తెలుసు కాబట్టి మీరు పక్కనుండాలి."

"ఉంటాను."

"పక్కనుండాలంటే నిలబడాలి. చెయ్యి పెట్టొద్దు. నేను అడిగేదాకా మాట్లాడొద్దు."

"సరేనండీ."

శాలక్క చీపురు గోడకు ఆనించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. గుర్రం పక్కన నిలబడితే ఆ చేతులు ఏదో ఒక పని వెతుక్కుంటాయి. వాటిని ఒకదానితో ఒకటి పట్టించింది.

టీచరు నూలుమెత్తను మూపు మీదికి కాస్త ముందుగా వేసి, వెంట్రుక వాలు చెడకుండా వెనక్కి జరిపింది. జీను ఎత్తి పెట్టింది. పొట్టకింద పట్టీ వదులుగా తగిలించి, కమాను కిందికి వేళ్ళు పోనిచ్చి, మెత్తను పైకి లాగి, మూపుకు ఆనకుండా గూడులా ఎత్తింది. చురుగ్గా, తడబడకుండా చేసింది. శాలక్క కూడా ఇంత బాగా చేసేది కాదేమో.

అవతలివైపు, జీను వెనక అంచు కింద, మెత్త ఒకచోట మడతపడింది. చిన్న మడత. ఇటునుంచి పట్టీ బిగించే మనిషికి కనిపించదు. ఆ వైపు నిలబడ్డ శాలక్కకు కనిపిస్తోంది. ఆమె నోరు తెరవబోయి మూసుకుంది. టీచరు పట్టీ మొదటి కన్నంలోకి లాగింది. రెండోదానికి లాగబోతూ, ఎందుకో తలెత్తి, శాలక్క మొహం చూసింది.

శాలక్క మాట్లాడలేదు, చెయ్యి కదపలేదు. చూపు మాత్రం ఆ మడత మీదినుంచి తియ్యలేకపోయింది.

టీచరు పట్టీ వదిలి, గుర్రం వెనకనుంచి అవతలికి తిరిగి వచ్చింది. వంగి చూసింది. జీనును అంగుళం ఎత్తి, రెండు వేళ్ళతో మడతను సాపు చేసింది.

"చూశాను," అంది, ఆమె వైపు తిరగకుండానే.

మళ్ళీ ఇటు వచ్చి పట్టీ బిగించింది. బండరాయి గట్టిగా ఊపిరి వదిలి, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంది. టీచరు కళ్ళెం పట్టుకుని బయటికి నడిచింది. శాలక్క కొట్టం గేటు పూర్తిగా తెరిచి, జీనుకు వేలాడే రికాబు తగలకుండా గోడకు జరిగి నిలబడింది.